చిరునామాతో వచ్చిన బెంగ

బెల్లం నిలవ ఉంచితే తరుగు పోతుంది. వంద దిమ్మలు పేర్చి పెడితే వానాకాలం దాటేసరికి కొంత గాలికీ, కొంత చీమకీ, కొంత నేలకీ పోతుంది. ఆ తరుగు ముందే చూసుకోనివాడు వర్తకుడు కాడు. ముప్పయ్యేళ్ళుగా నా సరుకులో ఏది ఎటు పోతుందో నాకు తెలుసు. మా చెల్లెలు నూకరత్నం విషయంలో మాత్రం ఆలస్యంగా తెలిసింది.

రత్నం మొగుడు గౌరీశు సరుకు ఓడల్లో ఇంజన్ రూము మనిషి. ఏడాదిలో తొమ్మిది, పది నెలలు నీళ్ళ మీదే. పెళ్ళయి పదకొండేళ్ళు, పిల్లల్లేరు. అతను ఓడెక్కగానే రత్నం అనకాపల్లిలో మా మేడ మీది గదిలోకి వచ్చేసేది. ఓడ ఏదైనా రేవు దగ్గరికి వస్తే ఫోను మోగేది. ఎలా ఉన్నావని కూడా అడగకుండా ఆమె మొదట అడిగేది ఒకటే. "నీ వైపు ఇప్పుడు పొద్దా, రాత్రా?"

తక్కిన రోజులంతా తిరుగుడే. పొయ్యి దగ్గర్నుంచి వరండాకి, వరండాలోంచి మేడ మీదికి, మళ్ళీ కిందికి. కూరలో ఉప్పు రెండుసార్లు పడేది, లేకపోతే అసలు పడేది కాదు. ఆ తిరిగిన తిరుగుడంతా కలిపి ఒక దారి మీద పెడితే కాశీ దాకా పోయొచ్చు. ఒక మనిషి దగ్గర ఇంత బలం ఉండి ఊరికే ఖర్చయిపోతుంటే నాకు ప్రాణం ఉసూరుమనేది. మా గౌరీశు మీద నాకు అంత గౌరవం కూడా లేదు. ఉప్పునీళ్ళ మనిషి అనేవాణ్ణి.

మార్కెట్ వెనకాల మాకొక పాత గోదాము ఉంది. మా తాత కట్టించింది. రెండడుగుల మందం రాతి గోడలు, లోపల నిలబడితే రోడ్డు మీద లారీ పోయినా వినపడదు. విశాఖపట్నం నుంచి డాక్టర్ ప్రసూన అనే ఆవిడ వచ్చి దాన్ని అద్దెకడిగింది.

"మాకు కావలసింది నిశ్శబ్దమండీ," అంది.

"చీమలుంటాయమ్మా."

"చీమలు మాట్లాడవుగా," అంది. అక్కడే నాకు ఆవిడ నచ్చింది.

నా గోదాములో ఏ సరుకుందో నాకు తెలియకుండా ఉండకూడదు. రోజూ వెళ్ళి చూసేవాణ్ణి. మధ్యలో ఒక కుర్చీ, అందులో కూర్చున్న మనిషి రొమ్ము చుట్టూ తీగల పట్టీ, గొంతు కింద చిన్న గిన్నెలాంటిది. కాలేజీ హాస్టల్ అమ్మాయిలు ఒక్కొక్కరే వచ్చి కూర్చుని ఇల్లు తలుచుకునేవాళ్ళు. ఎదురుగా తెర మీద ఒక గీత వణికేది.

"దూరంగా ఉన్నవాళ్ళని తలుచుకున్నప్పుడు ఊపిరికీ గుండెకీ మధ్య చిన్న తడబాటు వస్తుంది," అని ప్రసూన గీతని వేలితో చూపించింది. "దాన్ని జల్లెడపట్టి తీస్తున్నాం. చెవికి వినపడని శబ్దంగా మార్చి ఒక పాట అడుగున పరిస్తే, వినేవాళ్ళ ఊపిరి దాని వెనకాల నడుస్తుంది. ఎవరి మనిషి కోసం వాళ్ళు బెంగపడతారు."

"బెంగ ఎవడిక్కావాలమ్మా?"

"మీరు పాటలెందుకు వింటారు మరి?"

గీత వైపు చూశాను. సన్నగా, ఆగి ఆగి వణుకుతోంది. "ఇది పచ్చి సరుకు," అన్నాను. "హాస్టల్లో చేరి ఆర్నెల్లు కాలేదు. పాకం రాలేదు."

ఆవిడ నవ్వింది. "పాకం వచ్చింది మీ దగ్గరుందా?"

"మా ఇంట్లో ఉంది. పదకొండేళ్ళది."

ఆ మాట అన్నది నేనే. ఎవరూ నా నోట్లో పెట్టలేదు.

ప్రసూన మంచి మనిషి. దాచకుండా చెప్పింది. "శుభ్రంగా తీయాలంటే అసలు తడబాటుని కాసేపు ఆపాలి. ఈ పిల్లలకి రెండు రోజుల్లో తిరిగొచ్చింది. అంత ముదురుదాని సంగతి నాకు తెలీదు."

"చెరకు నరికితే మోడు చచ్చిపోతుందా?" అన్నాను. "నేలమట్టంగా నరుకుతాం. మళ్ళీ ఏటికి అదే మోడు నుంచి కార్శి లేస్తుంది. ఎంత నేలకి తగిలించి కొడితే అంత బలంగా లేస్తుంది. కొన్ని మళ్ళల్లో కొత్తగా నాటిన మొక్కతోట కంటే కార్శే బాగుంటుంది."

ఆవిడ ఆ ముక్క పుస్తకంలో రాసుకుంది. చెరకు మడి దగ్గర నిలబడి ఎరగని మనిషి. నేను పుట్టిందే గానుగ పక్కన. అందుకే నేను చెప్పింది ఆవిడ నమ్మింది, ఆవిడ రాసుకుంది కదా అని నేనూ నమ్మేశాను.

రత్నాన్ని ఒప్పించడానికి పెద్ద బేరమేం పట్టలేదు.

"నొప్పి పుడతాదా అన్నయ్యా?"

"రక్తం తీసినంత కూడా కాదు."

"ఆయనకో మాట చెప్పాలేమో."

"ఓడ సిగ్నల్ లేని చోట ఉంది కదే. వచ్చేక చెబుదాం. ఆ వేళకి మళ్ళీ మొలిచేస్తాది."

కాసేపు గోడకానుకుని నిలబడింది. "కొన్నాళ్ళు నిద్రైనా పడతాది," అని చెప్పులేసుకుంది.

నాలుగు గంటలు పట్టింది. తెర మీద గీత చూసి ప్రసూన తన కుర్చీ ముందుకి జరుపుకుంది. ఏటికి వరదొచ్చినట్టుంది ఆ గీత. తర్వాత అది తగ్గింది. తగ్గి తగ్గి, చాపలా పరుచుకుంది. రత్నం పట్టీ విప్పుకుని, "ఆకలేస్తంది. పెసరట్టు తిందామా?" అంది. రెండు తినేసింది. దారి పొడవునా షాపుల బోర్డులు చదువుతూ నడిచింది. పదకొండేళ్ళలో ఆమె తల పైకెత్తి నడవడం నేను చూడలేదు.

నా లెక్క సరిపోయిందనుకున్నాను.

పాట హైదరాబాదులో ఒక కుర్ర గాయని పాడింది. రత్నం ఫోనులో అడిగే మాటే పల్లవి చేశారు.

*నీ వైపు ఇప్పుడు పొద్దా, రాత్రా*
*నా వైపు మాత్రం ఒకటే జాము*

వరస గొప్పదేం కాదు. డప్పు కూడా మామూలే. ఫిబ్రవరిలో ప్రసూన మొదటి కాపీ నాకు పంపింది. కాటా పక్కన కూర్చుని, చెవిలో పెట్టుకుని విన్నాను. రుచి చూడకుండా సరుకు బయటికి పంపడం నాకు అలవాటు లేదు.

రెండో చరణం దగ్గర రొమ్ము కింద ఏదో జారింది. బావిలో చేద జారిపోయినట్టు. మా ఆవిడ గుర్తొస్తుందేమో అనుకున్నాను, కానీ ఆవిడ ఇంట్లోనే ఉంది, పొద్దున్నే నన్ను నాలుగు తిట్టింది కూడా. మా నాన్న గుర్తొస్తాడేమో అనుకున్నాను. రాలేదు. గుర్తొచ్చింది ఒక మెడ. డీజిలూ సబ్బూ కలిసిన వాసన. చినిగి అతుక్కున్న ఎడమ చెవి తమ్మె. నవ్వు ఆపుకోవడానికి మీసం కొస కొరుక్కునే అలవాటు.

గౌరీశు!

నాకు మా బావ మీద బెంగ పుట్టింది. యాభై నాలుగేళ్ళ వర్తకుణ్ణి, కాటా పక్కన కూర్చుని ఉప్పునీళ్ళ మనిషి కోసం కళ్ళు తుడుచుకున్నాను. దిమ్మలు తూచే కొలగాడు, కామందుకి ఒంట్లో బాగులేదని సోడా తెచ్చాడు.

నా ఒక్కడికే అయితే కడుపులో పెట్టుకుని ఊరుకునేవాణ్ణి. కానీ పాట ఊళ్ళ మీద పడింది. బస్సుల్లో, సెలూన్లలో, పెళ్ళి పందిళ్ళ మైకుల్లో. నెల తిరగకుండా ప్రసూనకి ఉత్తరాలు మొదలయ్యాయి. కర్నూలులో ఆటో నడిపేవాడు, ఖమ్మంలో నర్సు, హైదరాబాదు కాలేజీ అమ్మాయిలు. అందరూ రాసింది ఒకే మాట. పాట వింటే ఎవరో తెలియని మనిషి గుర్తొస్తున్నాడు, చెవి తమ్మె చినిగి ఉంటుంది, ఎవరతను? ఒకమ్మాయి బొమ్మ గీసి పంపింది. మీసంతో సహా సరిపోయింది.

ప్రసూన ఆ బొమ్మ నా ముందు పెట్టింది. "ఎవరి మనిషి వాళ్ళకి గుర్తొస్తాడనుకున్నానండీ. ఇది చిరునామాతో సహా వచ్చింది."

"చవుడు నేలలో పండిన చెరకు బెల్లం ఉప్పగా ఉంటుందమ్మా," అన్నాను. "ఎంత తెట్టు తీసినా పోదు. నేల రుచి దిమ్మలోకి వస్తుంది."

"ఈ సంగతి ముందే చెప్పొచ్చుగా?"

చెప్పాల్సింది. కార్శి గుర్తొచ్చినవాడికి చవుడు గుర్తు రాలేదు. నాకు లాభం కనబడ్డ వైపే గుర్తొచ్చింది.

ఇంట్లో రత్నం హాయిగా ఉంది. కూరలో ఉప్పు సరిగ్గా పడుతోంది. ఫోను మోగితే, "ఎవరూ? ఆఁ, బాగున్నావా? ఇదిగో, అన్నయ్య మాటాడతాడు," అని నా చేతికిచ్చేది. పొద్దో రాత్రో అడగడం మానేసింది. అవతల గౌరీశు, "ఏటి బావా, దానికి కోపమొచ్చిందేటి?" అనేవాడు. అతని గొంతు వింటే నా ప్రాణం లేచొచ్చేది. "లేదు బావా, నువ్వు వేళకి తింటున్నావా?" అనేవాణ్ణి. "ఎవరూ, బావేనా?" అనేవాడు అతను. పదకొండేళ్ళలో నేనెప్పుడూ ఆ మాట అడగలేదు మరి.

జూలైలో దిగాడు. విశాఖ విమానాశ్రయంలో కాగితాలు చూసే మనిషి అతని మొహం చూసి ఏడ్చేశాడట. టాక్సీవాడు సంచీ వదల్లేదట. అనకాపల్లి రింగురోడ్డు దగ్గర పూలమ్మే ముసలమ్మ బుగ్గలు నిమిరి, "చిక్కిపోయేవు నాయనా," అందట. మా గుమ్మంలోకి వచ్చేసరికి వెనకాల వీధి వీధంతా ఉంది. గౌరీశు మొహంలో నెత్తురు చుక్క లేదు.

"బావా," అన్నాడు మెల్లిగా, "నేను చచ్చిపోయేనని ఇక్కడ కబురేటైనా వచ్చిందేటి?"

వీధిలో అందరి కళ్ళూ తడిగా ఉన్నాయి. నావి కూడా. అప్పుడు రత్నం చేయి తుడుచుకుంటూ బయటికి వచ్చింది.

"వచ్చేవా? కాళ్ళు కడుక్కో. ఉప్మా కలిపేస్తాను, జీడిపప్పు వేసుకుంటావా?"

అంత గుంపులో మామూలుగా ఉన్న మొహం ఆమెది ఒక్కటే.

పూర్వం అతను వస్తే ఆమె ఏం చేసేదో నాకు తెలుసు. ముందు మణికట్లు పట్టుకుని ఎంత తగ్గాడో చూసేది. సంచీ విప్పి చొక్కాలు ఒక్కొక్కటే వాసన చూసేది. రెండు రోజులు అతని వెంటే తిరుగుతూ మాటాడేది కాదు, తర్వాత వారం ఆపకుండా మాటాడేది. ఇప్పుడు పళ్ళెం పెట్టి, "ఎన్నాళ్ళుంటావు?" అంది. బియ్యం సరిపోతాయో లేదో చూసుకోవడానికి.

మూడో రోజు గౌరీశు నా దుకాణానికి వచ్చాడు. దిమ్మల చాటున కూర్చోబెట్టి మొత్తం చెప్పేశాను. వర్తకంలో అబద్ధం చెప్పడం ఎలాగో నాకు బాగా తెలుసు. కానీ అతని మీద బెంగతో ఉన్నవాణ్ణి, నోరు రాలేదు.

అతను లేచి నా చొక్కా పట్టుకున్నాడు. "నా పెళ్ళాం బెంగ అది. నాది. నడిసముద్రంలో, నూనె వేడిలో, ఆ ఒక్కదాన్ని పట్టుకుని బతికేను. నరికేసి ఊరంతా పంచీడానికి నువ్వెవడివి?"

"నీ అంత దుఃఖం నాకూ ఉంది బావా."

"నీకెందుకుంటాది?"

"పాట విన్నాను."

అతను నన్ను కింద నుంచి పై దాకా చూశాడు. కొట్టాలో నవ్వాలో తెలియక చొక్కా వదిలేశాడు.

రత్నాన్ని వెంటబెట్టుకుని ముగ్గురం గోదాముకి వెళ్ళాం. మొదట తీసిన అసలు కాపీ, ఏమీ కలపనిది, ప్రసూన చెవికి వినపడేటట్టు మార్చి రత్నం చెవిలో పెట్టింది. తెర మీద గీత చూస్తూ గౌరీశు ఆ కుర్చీ కోడు పట్టుకుని కింద కూర్చున్నాడు. ఆ చెవి నుంచి బయటికి లీలగా వినపడిన దానికే నేనూ ప్రసూనా మొహాలు పక్కకి తిప్పుకున్నాం. గీత మాత్రం కదల్లేదు.

రత్నం మొత్తం విన్నది. తీసి ఇచ్చేసింది.

"బాగుంది," అంది. "పాపం, ఎవరో గానీ చాలా బాధపడింది."

గౌరీశు తల ఎత్తలేదు. ప్రసూన నాతో పక్కకి వచ్చి, "అది వెళ్ళి తగులుకునే చోటే పోయింది," అంది. "ఇంత లోతుగా ఉన్నదాన్ని పైపైన తీయడం నాకు చేతకాలేదు. వేరుతో సహా వచ్చేసింది."

"కార్శి?"

"చూడాలి."

ఆ రోజు నుంచి రైతు మడి చుట్టూ తిరిగినట్టు చెల్లెలి చుట్టూ తిరిగాను. అతను నవ్వితే ఆమె చూస్తుందా, అతను బజారుకెళ్తే వీధి వైపు తల తిప్పుతుందా. మా ఆవిడ, "ఏటా చూపులు? దానికేటైనా దెయ్యం పట్టిందనుకుంటన్నారా?" అని కసిరింది. గౌరీశు కూడా ఊరుకోలేదు. ఆమెకిష్టమని కొర్రమీను తెచ్చాడు. రత్నం బాగా వండింది, ఇద్దరికీ సమంగా వడ్డించింది. అతనంటే కోపం లేదు. మనం రైల్లో ఎదురు సీటు మంచిమనిషిని చూసినట్టు చూసేది.

సెప్టెంబరు నడిమికి ఒక మధ్యాహ్నం రత్నం దుకాణానికి వచ్చింది. లారీకి దిమ్మలు ఎక్కుతున్నాయి.

"అన్నయ్యా, ఇది ఎక్కడికెళ్తాది?"

"కటకం."

"కటకం అంటే నది ఉంటాది కదా? ఆ తర్వాతో?"

"సంబల్‌పూర్. అక్కడ కొత్త షావుకార్లు బేరం తెమల్చడం లేదు. వెళ్ళి కూర్చుని మాటాడే మనిషి కావాలి."

ఆమె లారీ తాళ్ళు పట్టుకుని నిలబడింది. రోడ్డు వైపు చూసింది. ఆ చూపు నాకు తెలుసు. పదకొండేళ్ళు మేడ మీద చూసిన చూపే. దిమ్మల లెక్క అక్కడే తప్పాను. మోడు బతికే ఉంది, చిగురు కూడా వేసింది. కానీ గౌరీశు వైపు కాదు, ఊరి అవతలికి.

"నేనెళ్తాను," అంది. "పదకొండేళ్ళు ఒక మనిషి ఎక్కడున్నాడో అని తలుచుకున్నాను. ఆ చోటెలా ఉంటాదో ఒక్కసారి కూడా తలుచుకోలేదు. నాకు ఒడియా వస్తాది, మన పక్కింటి వాళ్ళ దగ్గర నేర్చుకున్నానా లేదా?"

"గౌరీశు ఉన్నాడు కదే."

"ఉన్నాడు. ఆయనకీ ఓడ వచ్చింది. ఎవరి దారిన వాళ్ళు ఎల్తే తప్పేటి? ఆయనెల్తే నేను ఏడవాలి, నేనెల్తే మీరంతా ఏడుస్తారేటి?"

అవును, అతనికి పిలుపు వచ్చింది. అక్టోబరు మొదటి వారంలో ముంబయిలో ఓడెక్కాలి. ఎక్కితే ఏడాది. వెళ్ళొద్దనడానికి నా దగ్గర ఏ ముఖమూ లేదు. రత్నాన్ని అడిగాడు, ఉండమంటావా అని. ఆమె నిజాయితీగా ఆలోచించి చెప్పింది. "ఉండమనాలనిపించడం లేదు. వెళ్ళమనాలనీ లేదు. అబద్ధం చెప్పలేను." అతను సంచీ సర్దుకున్నాడు.

పొద్దున్న పది గంటల రైలు. నేనే స్టేషనుకి తీసుకెళ్ళాను. ప్లాట్‌ఫారం మీద జనం అతన్ని గుర్తుపట్టి చుట్టూ చేరారు. ఎవరూ మీద పడలేదు, పిలవలేదు. కొంచెం దూరంలో నిలబడి చూస్తున్నారు, అంతే. కూలీలు, టీచరమ్మలు, చేతిలో టిఫిను పట్టుకున్న గుమాస్తా. రైలు కూత వేసింది. ఒక్కసారిగా అన్ని మొహాలూ ఒకేలా అయిపోయాయి. పెదవి బిగించి, గడ్డం కొంచెం పైకెత్తి, కళ్ళు నీళ్ళు నిండినా రెప్ప వేయకుండా. నేను ఆ మొహం మా వరండాలో పదకొండుసార్లు చూశాను. ఇతను ఒక్కసారీ చూడలేదు. ఎప్పుడూ అప్పటికే వీధి మలుపు తిరిగిపోయి ఉండేవాడు.

గౌరీశు మెట్టు మీద కాలు పెట్టి వెనక్కి తిరిగాడు. ఒక్కొక్క మొహం చూసుకుంటూ పోయాడు.

"బావా," అన్నాడు. "దీనికి... మన రత్నానికి... నేనెల్లిన ప్రతిసారీ ఇంతుండేదేటి?"

"ఇంతమందికి పంచాకా ఇంతుంది," అన్నాను.

రైలు కదిలింది. అతను కాలు తీసేశాడు. సంచీ మాత్రం లోపలే వెళ్ళిపోయింది.

మేము ఇంటికి వచ్చేసరికి గుమ్మం ముందు లారీ ఆగి ఉంది. రత్నం క్యాబినులో డ్రైవరు పక్కన కూర్చుని, ఒళ్ళో మరచెంబు పెట్టుకుంది. గౌరీశుని చూసి ఆశ్చర్యపోయింది.

"ఎల్లలేదేటి?"

"లేదు. ఇంక ఎల్లను. ఇక్కడే, బావ దగ్గరే ఏదో ఒకటి చేస్తాను."

"మంచిదే. అన్నయ్యకి మనిషి కావాలి," అంది. ఒక క్షణం అతని వైపు చూసింది. ఏదో వెతికినట్టు. దొరకలేదు. అయినా చేయి కిటికీలోంచి చాపి అతని చొక్కా గుండీ సరిచేసింది. "నా కోసం ఆపుకోకు. నేను తిరిగొచ్చేసరికి ఏటవుతానో నాకే తెలీదు. అది ముందే చెప్తన్నాను."

"తెలిసే ఉంటున్నాను," అన్నాడు.

లారీ కదిలింది. ఆమె ముందుకి చూస్తోంది. గౌరీశు మలుపు దాకా వెనకాలే నడిచాడు, మలుపు దగ్గర ఆగిపోయాడు. పొగ కూడా పోయాక, ఎండలో అలాగే నిలబడిపోయాడు. నేను వెళ్ళి పక్కన నిలబడ్డాను. డీజిలూ సబ్బూ వాసన. మనిషి మోచేతి దూరంలో ఉన్నా నాలో అది తగ్గలేదు. దూరం కోసం పుట్టిన సరుకు అది, దగ్గరికి పనికిరాదు.

కాసేపటికి అతను రొమ్ము మీద చేయి పెట్టుకున్నాడు. ఎక్కడ తగిలిందో వెతుక్కుంటున్నట్టు.

"బావా," అన్నాడు, "ఇది పదకొండేళ్ళు మోయడం ఎలాగ?"

"తెలీదు బావా," అన్నాను. "నాకింకా ఎనిమిది నెలలే."